ఉంగరపు వేలికి ఒక డబ్బా

తమ్ముడూ,

గిటార్ మూలన పడేశావని మరదలు చెప్పింది. ఆపరేషన్ తర్వాత నీ ఉంగరపు వేలు మీటితే ఎవరికీ వినపడట్లేదన్నావట. అందుకే ఇంట్లోనే గిటార్‌కి తగిలించే కంప్రెసర్ పెడల్ చేశాను. గట్టిగా మీటిన శబ్దాన్ని తగ్గిస్తుంది, మెల్లగా మీటిన దాన్ని పెంచుతుంది.

ఫ్యాన్లు బాగుచేసేదాన్ని, నా దగ్గరున్నది లావు సోల్డరింగ్ ఐరన్. ఆ వేడికి రెండు ట్రాన్సిస్టర్లు మాడిపోయాయి. "ఇక చాలించవే," అన్నారు మీ బావ. నిజంగానే ఓపిక లేదురా, నడుం లాగేస్తోంది. మూడోది నిలిచింది. డబ్బా చూసి నవ్వకు, నా మందులదే.

నాకు వాయించడం రాదుగా. దానికి ఎదురింటావిడ గిటార్, స్పీకరు తగిలించి, తెగుతుందేమోనని భయపడుతూ మెల్లగా తీగ ముట్టుకున్నాను. వంటింట్లోంచి మీ బావ కేకేశారు: "మీ తమ్ముడొచ్చాడా?"

అక్క