సీటు గొట్టంలో చీటీ

మే 6, క్రెస్లర్

ప్రియమైన లవెర్న్‌కు,

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో. పోయిన ఉత్తరంలో రాయడం మరిచిపోయాను, అందుకే ఈసారి ముందే రాస్తున్నాను.

మా ఇంటికి ఒక దరిద్రం వచ్చిపడింది. మనవరాలు జోసీ చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి వెళ్లి ఒక సైకిలు తోసుకొచ్చింది. దాని కారు చచ్చిపోయింది కదా, ఇక చీజ్ ఫ్యాక్టరీకి దీని మీదే వెళ్తుందట. ఆరు మైళ్లు, అదీ పాల లారీలు తిరిగే రోడ్డు. నాకు తిండి సయించడం లేదు.

ఆ సైకిలును చూస్తే నీకూ సయించదు. వరండాకు వేసే గోధుమ రంగు ఎవరో కుంచెతో పూసేశారు, కారిన చోటల్లా గడ్డకట్టింది. హ్యాండిల్ టేపు నమిలి ఊసిన బంకలా వేళ్లకు అంటుకుంది. సీటు కింద ఎలుక గూడు, అందులో ఎండిపోయిన పిల్ల. నాలుగుసార్లు చేతులు కడిగాను, ఇది రాస్తుంటే ఇంకా ఆ కంపే.

సైకిళ్ల కొట్టు డ్వేన్ దాన్ని చూసి ముక్కు చిట్లించాడు. "డిపార్ట్‌మెంట్ స్టోరు సరుకమ్మా ఇది. దీన్ని సైకిలంటే నా కొట్లో సైకిళ్లు నవ్విపోతాయి" అన్నాడు. తీరా తిరగేసి, పెడళ్ల కింద మురికి తుడిచి అక్కడున్న నంబరు చూశాక గొంతు మారింది. ఫ్రేము ఆస్ట్రియాలో చేసిందట, మంచి ఉక్కట, స్టోరువాళ్లు తమ పేరు మాత్రం అతికించుకున్నారట. ఏ స్టోరు అని జోసీ ముందువైపు రంగు గీకింది. స్టోరు పేరున్న బిళ్ల బయటపడింది. బ్రాంట్ల్ స్టోరు. మనిద్దరం పనిచేసిన స్టోరే. గోధుమ రంగు కింద నీలం.

లవెర్న్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. "ఎవడో తాగి బిగించాడు" అని జోసీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అట్టపెట్టెలో చోటు కలిసొస్తుందని ఫోర్కు వెనక్కి తిప్పి పంపేవాళ్లు, గుర్తుందా? దాన్ని ముందుకు తిప్పి బిగించడమే మనిద్దరి మొదటి పని. తిప్పకుండా బిగిస్తే మలుపులో బూటు ముందు చక్రంలో పడుతుంది. పన్నెండేళ్ల మార్లీన్‌కు పడినట్టు. ఆ పిల్ల నాలుగు పళ్లు రోడ్డు మీద ఏరుకున్నట్టు.

ఇది ఆ సైకిలే, చర్చికి ఇచ్చింది మార్లీనే. వాళ్లమ్మ పోయాక గరాజు ఖాళీ చేసింది. నలభై అయిదేళ్లు అక్కడే వేలాడిందట.

బిగించినవాళ్లు తమ నంబరు చీటీ చుట్టి సీటు గొట్టంలో వేయాలని మేస్త్రీ టోమన్ రూలు పెట్టాడు కదా. నాది నాలుగు. జోసీ సీటు ఊడదీస్తే అది బయటపడుతుంది. వాళ్ల అమ్మమ్మ ఏం చేసిందో దానికి తెలిసిపోతుంది.

పొయ్యి ఆర్పానో లేదో మళ్లీ చూసొచ్చి సంతకం పెడుతున్న,
ఆర్డిస్


మే 12, గ్రీన్ బే

ప్రియమైన ఆర్డిస్,

మోకాలు నీ కంటే బాగానే ఉంది. పిచ్చిదానా, నీ చేతులు కడిగి కడిగి తోలు ఊడేట్టున్నాయి, కాస్త ఆపు.

ఆ తప్పు నీదేనని నీకెవరు చెప్పారు? ఆ శనివారం బల్ల దగ్గర మనిద్దరం ఉన్నాం. టోమన్ వచ్చి ఎవరు బిగించారని అడిగాడు. నేను తల దించుకున్నాను. నువ్వేమో "జ్వరంతో ఉన్నాను, నేనే అయ్యుంటాను" అన్నావు, ఏప్రను విప్పేసి వెళ్లిపోయావు. ఎవరూ నిన్ను పొమ్మనలేదు.

సైకిలును పారేయకు. జోసీని సీటు తీయనివ్వు. ప్లమ్ జామ్ రెండు సీసాలు పంపుతున్నాను, ఈసారి తీపి తగ్గించాను.

నీ
లవెర్న్


మే 20, క్రెస్లర్

ప్రియమైన లవెర్న్,

జామ్ అందింది. నువ్వు చెప్పిన మాట నేను వినలేదు.

మంగళవారం పాత ఇనుము బండి వస్తుందని సోమవారం సాయంత్రమే ఆ సైకిలును ఈడ్చుకెళ్లి రోడ్డు పక్కన పెట్టాను. గొలుసు జిడ్డు నా మంచి గౌను నిండా అయింది, చెవిలో గుబిలిలా నల్లగా ముద్దలు ముద్దలు. జోసీ పని నుంచి వచ్చి చూసి, వెనక్కి తోసుకొచ్చింది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఎవరి కారూ అడగకుండా నా పనికి నేను వెళ్లడానికి ఉన్న దారి ఇదొక్కటే అమ్మమ్మా. అది కూడా చెత్తలో పెట్టావు" అంది. ఎలుక గూడును చూసినప్పుడు పెట్టిన మొహమే నన్ను చూసీ పెట్టింది.

సీటు రాడ్డు తుప్పుతో గొట్టంలో కరుచుకుపోయింది. డ్వేన్ రోజూ నూనె పోస్తున్నాడు, రావడం లేదు. రాకూడదని నేను లోపల మొక్కుకుంటున్నాను, పైకి మాత్రం కాఫీ ఇస్తున్నాను. నా మీద నాకే రోతగా ఉంది.

మిగతాదంతా బాగుపడుతోంది, అదొక బాధ. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు కాగితం నలిపి నీళ్లలో ముంచి తుడిస్తే చక్రాల తుప్పు పోయింది. కొత్త టేపు, కొత్త బ్రేకు రబ్బర్లు వేశారు. నీలం రంగు తేలింది. ఫోర్కు మాత్రం చివర్లో తిప్పుతారట.

ఆదివారం చర్చిలో మార్లీన్‌ను చూశాను. ఎవరో ఏదో అంటే నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. దానికి యాభై ఏడేళ్లు, ఇప్పటికీ చెయ్యి అడ్డమే. ఈ నలభై అయిదేళ్లలో నేను అది కూర్చునే వరస బల్లల దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు.

చీటీ కనబడేలోపు జోసీకి నేనే చెప్పేయాలి అనిపిస్తోంది. నువ్వేమంటావు?

నిద్రపట్టని
ఆర్డిస్


మే 25, గ్రీన్ బే

ఆర్డిస్‌కు,

ఏమీ చెప్పకు. ముందు చీటీ తియ్యి. ఏ నంబరు వచ్చినా మొదట నాకు రాయి, ఇంకెవరికీ చెప్పొద్దు.

ఇంకా రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. చెయ్యి రావడం లేదు.

లవెర్న్


జూన్ 3, క్రెస్లర్

లవెర్న్,

నీ ఉత్తరం రావడం ఆలస్యమైంది. అప్పటికే చెప్పేశాను.

శుక్రవారం ఊళ్లో జరిగే చేపల విందు నుంచి వచ్చాక జోసీని కూర్చోబెట్టి చెప్పాను. స్టోరు వెనక గదిలో పని, జ్వరం, మార్లీన్ పళ్లు, అన్నీ. తిడుతుందనుకున్నాను. అది నా చేతుల వైపు చూసి, "అందుకేనా నువ్వు రోజంతా అలా కడుగుతావు" అంది. అంతే అంది.

శనివారం రాడ్డు ఊడింది. దానివెంట తుప్పు నీళ్లు, కుళ్లిన నూనె, చచ్చిన పురుగులు. డ్వేన్ కూడా మొహం తిప్పుకున్నాడు. ఆ మురికిలో వేలు పెట్టి చీటీ తీసింది నేనే. మైనపు కాగితం, అంకె చెక్కు చెదరలేదు.

ఏడు.

జోసీ, "అమ్మమ్మా, నీది నాలుగన్నావు కదా, ఏడెవరు?" అని అడిగింది. ఏడు నీ నంబరని దానికి చెప్పలేదు, చీటీ తుడిచి జేబులో వేసుకున్నాను.

తర్వాత నీ ఉత్తరాలు రెండూ తీసి మళ్లీ చదివాను. "ఆ తప్పు నీదేనని నీకెవరు చెప్పారు?" అని రాశావు. నీకు తెలుసు. ఆ రోజే తెలుసు. ఫోర్కు తిప్పకుండానే బిగించి సిగరెట్టుకు వెళ్లావు, వచ్చి మరిచిపోయావు, అంతేనా? మీ ఆయనకు పని లేని రోజులవి. టోమన్‌తో చెప్పలేకపోయావంటే అర్థం చేసుకోగలను. నాకు చెప్పకపోవడం? నేను పని మానేసి, పిల్లల్ని సైకిలు ముట్టుకోనివ్వకుండా పెంచి, చర్చిలో గోడ పక్కన నక్కి కూర్చుంటే, నువ్వు ఏటా జామ్ పంపావు.

ఆ జామ్ నాకు ఎప్పుడూ నచ్చలేదు. నలభై అయిదేళ్లు తిన్నాను. చప్పరిస్తే చెప్పు తోలులా ఉంటుంది. నువ్వు బాధపడతావని ఎప్పుడూ అనలేదు.

నిన్న ఫోర్కు తిప్పాం. జోసీ పట్టుకుంది, నేను బిగించాను. చేతులు మరిచిపోలేదు. కాగితం ముక్క మీద నా నంబరు రాసి, చుట్టి, సీటు గొట్టంలో వేశాను. జోసీ వీధి చివరిదాకా తొక్కి వచ్చింది. మలుపులో దాని బూటు చక్రానికి తగల్లేదు. నేను కళ్లు మూసుకోకుండా చూశాను.

వచ్చే శనివారం సైకిలును చూడటానికి మార్లీన్ మా ఇంటికి వస్తోంది. నీ చీటీ ఒక కవరులో పెట్టి ఉంచాను. అదెవరిదో నేను చెప్పను. నువ్వే వచ్చి, నీ నోటితో, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా దానికి చెప్పు. పదకొండు గంటల బస్సు ఉంది.

బస్సు దిగేటప్పుడు కడ్డీ పట్టుకో. నీ మోకాలి మీద బెంగతో రాయడం లేదు. నువ్వు పడిపోతే మార్లీన్‌కు ఎవరు చెబుతారు?

ఇట్లు,
నాలుగో నంబరు