కోర్టు వరండాలో నా బిడ్డ పక్కన ఎవరు ఉండాలి

బాలల సంక్షేమ సమితి అధ్యక్షుల వారి సముఖమునకు, నాచారంలో ఇంజనీరింగ్ కార్ఖానా స్టోరులో పనిచేయుచు, ప్రస్తుతం ఉప్పల్‌లో తమ్ముడి ఇంట తలదాచుకున్న మొగిలయ్య వ్రాసుకున్న అర్జీ.

విషయం: నా కుమార్తెకు తోడుగా తమరు నియమించిన సపోర్ట్ పర్సన్‌ను వచ్చే వాయిదాకు ముందే మార్చుట గురించి.

అయ్యా,

నా బిడ్డకు తొమ్మిదేళ్లు. పేరు వ్రాయడం లేదు. వ్రాయకూడదని చట్టం అంటారు గాని, గత వాయిదాలో కోర్టు బంట్రోతు ఆ పేరును వరండా అంతా వినబడేలా పిలిచాడు. తమ దగ్గర కేసు నంబరు ఉన్నది. అది చాలును.

1. ముద్దాయి మేము నాచారంలో ఉన్న ఇంటి ఓనరు. జనగామ నుంచి వచ్చినప్పుడు మాకు ఇక్కడ ఎవరూ లేరు. అడ్వాన్సు అడగకుండా గది ఇచ్చాడు. నేను, నా భార్య సంతోషి ఇద్దరం షిఫ్టుకు పోయిన రోజుల్లో బిడ్డను పైన తన వాటాలో కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవాడు. తాత అని పిలవమన్నది మేమే. అంతకు మించి ఆయన గురించి వ్రాయడానికి చేయి రావడం లేదు.

2. బిడ్డ మొదట చెప్పింది తల్లికి, తల దువ్వించుకుంటూ, అటు తిరిగి కూర్చుని.

"మా ఫ్రెండ్‌కు ఒక తాత ఉన్నడమ్మా. గాయన మంచిగ ముట్టుకోడంట."

"ఏ ఫ్రెండే?"

"చెప్తే దాన్ని కొడ్తవ్."

"దాన్నెందుకు కొడ్తనే?"

"మరి అది చాక్లెట్ తీసుకున్నది గద."

సంతోషి దువ్వెన ఆపలేదు. చేయి ఆగితే మాట కూడా ఆగిపోతుందని అనిపించిందట. జడ వేసి, విప్పి, మళ్లీ వేసింది. ఆ జడ పూర్తయ్యేసరికి ఫ్రెండు ఎవరో తెలిసింది.

ఠాణాకు పోయాము. మహిళా ఎస్సై గారు మామూలు చీరలో ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని వ్రాసుకున్నారు. వారి మీద నాకు ఫిర్యాదు లేదు.

3. తరువాత తమరు తారామణి గారిని పంపారు. ఉన్నమాట చెప్పాలి, ఆమె బిడ్డను బాగా చూసుకున్నారు. తమ్ముడి ఇంట మేము ఉంటున్న గదిలోనే బకెట్టు బోర్లించి, ఇది జడ్జి గారి కుర్చీ అన్నారు. సంతోషి చీర అడిగి అడ్డంగా కట్టారు.

"ఇలాగే అడ్డం ఉంటుంది, ఆయన నీకు కనబడడు. తెలియకపోతే తెలియదని చెప్పు, తప్పేం లేదు. నేను నీ పక్క నుంచి కదలను, ప్రామిస్."

"జడ్జి గూడ బకెట్ మీదనే కూసుంటడా?" అని అడిగి నా బిడ్డ నవ్వింది. ఎన్నాళ్లకో ఇంట్లో నవ్వు వినబడింది. తారామణి గారి కాళ్లకు మొక్కుదామనుకున్నాను.

4. వాయిదా నాడు కోర్టులో సాక్ష్యానికి వచ్చే పిల్లల గదికి తాళం వేసి ఉన్నది. ఆమె బిడ్డను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను జిరాక్సుకు పంపారు. తనకు ఫోను వస్తే మాట్లాడుతూ మెట్ల దాకా పోయారు. నేను తిరిగి వచ్చేసరికి అదే బెంచీ రెండో కొసన ముద్దాయి కూర్చుని ఉన్నాడు. బెయిలు మీద ఉన్నాడు.

"ఏం బిడ్డా, తిన్నవా?" అన్నాడు, రోజూ అన్నట్టే.

"తిన్న తాతా" అన్నది నా బిడ్డ.

అయ్యా, పెద్దవాళ్లు తిన్నవా అంటే తిన్న అనాలి. మా దిక్కు పిల్లలకు మాటలు వచ్చీరాక ముందే ఇది నేర్పుతాము. కడుపు మాడుతున్నా అదే జవాబు. అది చనువూ కాదు, భయం లేదని అర్థమూ కాదు.

లోపల ఆయన వకీలు లేచి, పాప ముద్దాయితో ప్రేమగా మాట్లాడిందని, ఇల్లు ఖాళీ చేయమన్నందుకు మేము కట్టిన కథ ఇదని చెప్పాడు. కావాలంటే సపోర్ట్ పర్సన్‌నే అడగండి అన్నాడు. అడిగితే తారామణి గారు "అవును సార్, మాట్లాడింది" అన్నారు. బిడ్డను అక్కడ ఎవరు కూర్చోబెట్టారో అనలేదు. తాను పక్కన లేనని అనలేదు.

బయట నన్ను పక్కకు పిలిచారు.

"మొగిలయ్య గారూ, ఒంటరిగా వదిలానంటే నా ఉద్యోగం పోతుంది. పాప కూడా మరీ భయపడుతున్నట్టు లేదు. మీరు ఒకసారి ఆలోచించుకోండి."

"ఏం ఆలోచించాలె మేడం?"

"ఆడపిల్ల కదండీ."

ఓనరు మోసం చేస్తే, అటువంటి వాళ్లు లోకంలో ఉంటారని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మా గదిలో చీర కట్టి మాట ఇచ్చిన మనిషి గురించి ఏమని చెప్పుకోవాలి?

5. "మేడం నన్ను పట్టిచ్చింది. నేను కోర్టుకు రాను" అన్నది బిడ్డ. తరువాత ఆ మాటే ఎత్తడం లేదు. బిడ్డ సాక్ష్యం చెప్పకపోతే కేసు నిలబడదని సర్కారు వకీలు గారు అన్నారు.

సపోర్ట్ పర్సన్‌ను మార్చమని అడగడానికి కారణం చెప్పనక్కరలేదని రూలు ఉన్నదట. అయినా చెప్పాను. చెప్పకపోతే కారణం లేదనుకుంటారు. కాని తల్లిదండ్రులతో పాటు బిడ్డ కూడా కోరాలని అదే రూలులో ఉన్నది. అడిగితే బిడ్డ గోడ వైపు తిరుగుతున్నది. ఏమి చేయాలో తమరే చెప్పాలి.

కావున కొత్తవారిని వెంటనే నియమించి, వాయిదా నాడు పిల్లల గది ముందే తీయించి, ఆ బెంచీ సంగతి ఉన్నది ఉన్నట్టుగా కోర్టుకు నివేదించవలసిందిగా వేడుకొనుచున్నాను. ఈ కాగితాన్ని బల్ల మీద తెరిచి ఉంచవద్దని కూడా మనవి.

ఒక తండ్రి రాతగా ఎంచి చిత్తగించవలెను.

నమ్మడానికి మరో గుమ్మం లేని
తమ విధేయుడు
మొగిలయ్య

తా.క.: సంతకం పెట్టిన తరువాత బిడ్డ వచ్చి పక్కన కూర్చున్నది.

"నా పేరు రాసినవా నాయినా?"

"లేదు బిడ్డా. రాయొద్దు."

"గాయనది?"

"రాయలే."

"ఎందుకు రాయలే? గాయన గూడ చిన్నపిల్లనా?"

ముద్దాయి పేరు గిరిప్రసాద్. బిడ్డ చెబితే వ్రాశాను. వేరే మేడం కావాలని కూడా వ్రాయమన్నది. ఆమె వస్తే కోర్టుకు వస్తానన్నది.