మస్తానన్న హార్న్‌కు వెండి పూత

ఆదివారం, బేతంచెర్ల

మా పెళ్లి బ్యాండులో ఫ్రెంచ్ హార్న్ ఊదే మస్తానన్న ఇక మానేస్తానన్నాడు. పాత మౌత్‌పీసు వెండి పూత పోయి, ఇత్తడి తగిలి పెదవి పుండయింది. కొత్తగా కొన్నది మరీ బరువు. ఎంత ఊదినా శబ్దం మందంగానే వచ్చేది. తన ఊపిరే తగ్గిపోయిందనుకున్నాడు పాపం.

పాతదానికి కర్నూలులో మళ్లీ వెండి పూత వేయించి సాయంత్రం ఇచ్చాను. మెల్లగా ఊదాడు. స్వరం తేటగా పలికింది. వంటింట్లోంచి వదిన పరుగెత్తుకొచ్చింది.

"ఊపిరి ఇంకా ఉండాదప్పా," అంటూ మస్తానన్న కళ్లు తుడుచుకున్నాడు.

పుండు పూర్తిగా మానలేదు. రేపు బనగానపల్లె ఊరేగింపంతా ఊదితే మళ్లీ రేగుతుందేమో. రావద్దని చెబుదామనే అనుకున్నాను. ఇంతలో తనే అడిగాడు: "రేపు బస్సు యాడ ఎక్కల్లప్పా?"

వద్దనకుండా, బస్సెక్కే చోటు చెప్పాను.