అమానతు గుర్రాలు

కారా-బులక్,
ఆగస్టు 3

తమ్ముడు మిర్లాన్‌కు,

అల్లా నీ ఇంటికి నెమ్మదినివ్వాలని కోరుతూ నీ పెద్దక్క రాయునది. ఇక్కడ క్షేమం. నా పదకొండు గొర్రెలూ కొండమీద క్షేమమని కబురొచ్చింది. ఫోనులో నీ మాట సగమే చేరుతుంది, అందుకని కుబాట్ టాక్సీలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

సంగతి ఇది. చలికాలమంతా మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం ఆడుకునే ‘వెయ్యి గుర్రాలు’ ఆట నీకు తెలుసు, నేర్పింది నువ్వే. జూన్‌లో ఐదుగురూ మందలు తోలుకుని కొండమీది మేతకు వెళ్ళారు. అక్కడ సిగ్నల్ లేదు. నా గొర్రెల్ని వాళ్ళు తోలుకెళ్ళారు. వాళ్ళ ఆటగుర్రాల్ని నాకు అప్పగించి, సంకేతపదాలు కాగితం మీద రాసిచ్చారు. ఆరు ఖాతాలూ ఇప్పుడు నా కంప్యూటర్‌లోనే.

ఆటలో వాగు పొద్దున ఎనిమిదికి తెరుచుకుంటుంది. పావుగంటే. ఆరు మందలూ ఆ పావుగంటలో తాగాలి. మూడు రోజులు తాగని గుర్రం మైదానం పట్టిపోతుంది, ఇక రాదు. ఆగస్టు ఇరవై ఐదున గుంపంతా ఒకేసారి నది దాటాలి. ఒక్కరు వెనకబడితే ఆరుగురి మందలూ కొట్టుకుపోతాయి.

కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. నీళ్ళు అని నొక్కి, గుర్రం తల దించేలోగా తస్బీహ్ ముప్పై మూడు పూసలూ తిప్పుతున్నాను. ప్రార్థనకు మంచిదే. గుర్రాలకు కాదు.

వాళ్ళు నా గొర్రెల్ని బలిపించి తెస్తారు. నేను వాళ్ళకు ఖాళీ పాక చూపించలేను. నమ్మి అప్పగించినది అమానతు, అమానతు అమానతే. ఏం చేయాలో రాయి.

నీ పెద్దక్క,
బురుల్

తా.క. కంప్యూటర్ ఇచ్చినప్పుడు ఎప్పుడూ ఆపొద్దన్నావు. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా ఆపలేదు.

బిష్కెక్,
ఆగస్టు 7

పూజ్యురాలైన పెద్దక్కయ్యకు,

తమ్ముడు మిర్లాన్ చేతులు జోడించి రాసే ఉత్తరం. మేమంతా బాగున్నాం. కొట్లో రిపేరుకొచ్చిన కంప్యూటర్లు నా నడుం దాకా పేరుకుని ఉన్నాయి, నన్ను ఎవరు రిపేరు చేస్తారో తెలియడం లేదు.

ఒకే కంప్యూటర్‌లో ఆరు ఖాతాలంటే ల్యాగ్ ఉండకుండా ఎలా ఉంటుంది అక్కయ్యా. కానీ దారి ఉంది. ముందున్న ఒక్క కిటికీకి మాత్రం మంచి బొమ్మ ఉంచు. వెనకున్న ఐదింటికి సెట్టింగుల్లోకి వెళ్ళి బొమ్మ నాణ్యత అడుగుకు దించేయి. నీడలు, గడ్డి కదలడం, వాగులో మెరుపులు అన్నీ తీసేయి. వాటికి సెకనుకు పది బొమ్మలు చాలు. పాటలూ వార్తలూ తెరిచి ఉంటే మూసేయి. డబ్బా విప్పి దుమ్ము దులుపు, వేడెక్కితే అది మొరాయిస్తుంది. వైఫై వద్దు, నేను వదిలేసిన నీలం తీగ తగిలించు.

ఒక ఇంట్లో ఇన్ని ఖాతాలు ఆడటం తప్పేమో అని బెంగపడతావని ముందే చూశాను. ఆట నియమాల్లోనే ఒప్పుకున్నారు.

కంప్యూటర్‌ను మాత్రం ఎప్పుడూ ఆపకు. పాత యంత్రం, ఆపితే లేవదు.

మీ తమ్ముడు,
మిర్లాన్

తా.క. నీ మరదలు జిల్దిజ్ సలాములు చెప్పమంది. నీ ఎదురుగా రొట్టె పట్టుకుని ఒట్టేసిన దగ్గర్నుంచి నేను మనిషినయ్యానట. ఆమె అలా అన్నప్పుడల్లా నాకు ఎందుకో దగ్గొస్తుంది.

కారా-బులక్,
ఆగస్టు 12

తమ్ముడు మిర్లాన్‌కు,

నీ ఉత్తరం అందింది. అల్లా నీ చేతులకు బరకతునివ్వాలి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇంకా నెమ్మదైంది. ఇప్పుడు తస్బీహ్ రెండుసార్లు తిరుగుతోంది.

నీ ఉత్తరంలో ఒకచోట పొరపాటు పడ్డావు, నేను సరిదిద్దాను. నా మందకు మంచి బొమ్మ, వాళ్ళ ఐదుగురికి నాసిరకం పెట్టమన్నావు. గొర్రెను కోసి, తుంటి మాంసం నా ముందు పెట్టుకుని జూరా పెద్దమ్మకు పక్కటెముక ఇచ్చినట్టుంటుంది. ఆమెకు డెబ్భై ఒకటి. అందుకని ఆమె మందకు పూర్తి బొమ్మ, నీడలతో సహా ఇచ్చాను. మిగతా నలుగురూ నాకన్నా పెద్దవాళ్ళే, అప్పగించినవాళ్ళు కూడా. వాళ్ళకూ గడ్డి కదులుతోంది. సెకనుకు పది బొమ్మలు నేను తీసుకున్నాను. నాకు చాలు.

డబ్బాను బాతురెక్కతో దులిపాను. మళ్ళీ దుమ్ము పడకుండా కంబళితో తొడుగు కుట్టి వేశాను. మూడు మడతలు. అంచుకు ఎర్రదారంతో కొమ్ముల ముగ్గు కుట్టాను. చూడ్డానికి బాగుంది.

పదమూడు రోజులే ఉన్నాయి.

నీ పెద్దక్క,
బురుల్

తా.క. బళ్ళో కంప్యూటర్ పాఠం చెప్పే ఎసెన్‌కుల్ మాష్టారు, లోపల ఏమేం నడుస్తున్నాయో జాబితా తెరిచి చూస్తే తెలుస్తుందంటున్నాడు. గురువారం రమ్మననా?

బిష్కెక్,
ఆగస్టు 16

పూజ్యురాలైన పెద్దక్కయ్యకు,

తమ్ముడు మిర్లాన్ హడావిడిగా రాసేది. కుబాట్ హారన్ కొడుతున్నాడు.

ముందు ఆ కంబళి తీసేయి. ఇప్పుడే. ఈ ఉత్తరం చదవడం తర్వాత.

తీశావా? కంప్యూటర్‌కు చలి వేయదు అక్కయ్యా. అది ఊపిరాడక నెమ్మదైంది.

రెండోది. అది విందు కాదు. ఎవరు పెద్దో ఎవరు చిన్నో కంప్యూటర్‌కు తెలియదు. దాని దగ్గర ఉన్న సత్తువ ఒక్కటే కుండ, దాన్ని ఐదుగురికి తలో తుంటి పెట్టేసరికి కుండ అడుగంటింది. ఆరింటికీ అడుగు నాణ్యతే పెట్టు, నీకూ, జూరా పెద్దమ్మకూ. ఆమె కొండమీద కూర్చుని గుర్రపుపాలు తాగుతోంది. తన ఆటగుర్రానికి నీడ ఉందో లేదో ఆమెకు కనిపించదు.

కుబాట్ చేతికి ఖర్జూరాల డబ్బా ఇస్తున్నాను. అడుగున మెమరీ పలక ఒకటి ఉంది. కరెంటు తీసి, పాతదాని పక్కనున్న ఖాళీ గాడిలో టక్కుమనేదాకా నొక్కు. వెంటనే మళ్ళీ వెలిగించు. ఆ మాత్రం ఆపితే లేస్తుందిలే.

మూడోది ముఖ్యమైనది. ఎసెన్‌కుల్‌ను మాత్రం ఇంట్లోకి రానీయకు. ఎందుకని అడగకు. మంచివాడే. అయినా వద్దు.

మీ తమ్ముడు,
మిర్లాన్

తా.క. అతను ఇప్పటికే వచ్చి ఉంటే చాయ్ ఇచ్చి పంపేయి. ఆ జాబితా తెరవనీయకు. జాబితాలు తెరిస్తే కంప్యూటర్‌లు పాడవుతాయి. నా కొట్లో రోజూ చూస్తున్నాను.

కారా-బులక్,
ఆగస్టు 19

తమ్ముడు మిర్లాన్‌కు,

ఖర్జూరాలు అందాయి. అల్లా మీరు భోజనానికి పరిచే దస్తర్‌ఖాన్ ఎప్పుడూ నిండుగా ఉంచాలి. పలక టక్కుమంది.

జూరా పెద్దమ్మకు కనిపించదన్నావు. పైన చూసేవాడు చూస్తాడు. అయినా అవసరం కాబట్టి, ఆమె పేరున నమాజులో రెండు రకాతులు అదనంగా చదివి, నీడలు తీసేశాను. కంబళి తొడుగు చాయ్ కేటిల్‌కు సరిపోయింది.

ఎసెన్‌కుల్‌ను రానీయవద్దని ఎందుకన్నావో అర్థమైంది. భర్త పోయిన ఆడదాని ఇంటికి మగమనిషి ఒంటరిగా రావడం బాగుండదు. నీకు ఇంత ముందుచూపు ఉందని నాకు తెలియదు. అందుకని ఆయన భార్యనూ, అత్తగారినీ, పక్కింటి ఇద్దరినీ కూడా పిలిచాను. ఆరుగురం కూర్చుని జాబితా చూశాం.

కంప్యూటర్ పాడవలేదు.

జాబితాలో ఆట పద్నాలుగుసార్లు ఉంది. ఆరు మావి. ఎనిమిది ఎవరివో. తెర మూలన దాక్కుని నడుస్తున్నాయి. మాష్టారు అన్నాడు, “బురుల్ అక్కా, నీ గుర్రాల నీళ్ళు తాగేది ఇవే, మూసేద్దాం.” నేను వద్దన్నాను. గడపలోకి వచ్చినవాళ్ళకు ముందు చాయ్ పోస్తాం, ఎవరని తర్వాత అడుగుతాం. ఆ ఎనిమిది మందలూ రోజూ వాగులో వాటంతటవే తాగుతున్నాయి, కానీ బక్కగా ఉన్నాయి. కాస్త గడ్డి వేశాను.

తప్పిపోయిన పశువులు కాబట్టి శుక్రవారం నమాజు తర్వాత మసీదు దగ్గర చెప్పించాలనుకుంటున్నాను. ఆనవాలు స్పష్టంగానే ఉంది. ఎనిమిది మందలకూ తొడమీద ఒకటే ముద్ర. నెలవంక, కింద అడ్డగీత.

ఆరు రోజులు ఉన్నాయి. తస్బీహ్ ఇంకా పదకొండు పూసలు తిరుగుతోంది. నది ఒకే క్షణంలో దాటాలంటే ఇది చాలదు.

నీ పెద్దక్క,
బురుల్

తా.క. జిల్దిజ్‌కు వేరే కవర్లో ఒక ఉత్తరం రాశాను. కుబాట్ నీకు ఇస్తాడు. ఆమె చేతికే ఇవ్వు, ఆలస్యం చేయకు.

బిష్కెక్,
ఆగస్టు 22

అక్కయ్యా,

మసీదులో చెప్పించకు. ఆ ఎనిమిదీ నావే.

బావమరిది పెళ్ళికి పోకుండా ఆటగుర్రాలతో కూర్చున్నానని ఆ రోజు నువ్వూ జిల్దిజ్ నన్ను నిలబెట్టి అడిగారు. రొట్టె పట్టుకుని నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది: “మా ఇంట్లో ఇక ఆట అనేది ఉండదు.” మా ఇంట్లో లేదు అక్కయ్యా. నీ ఇంట్లో ఉంది. ఆ కంప్యూటర్ నీకిచ్చింది అందుకే. ఆపొద్దన్నదీ అందుకే. రోజూ ఎనిమిదికి కొట్టు తెరిచి, ఇక్కణ్ణుంచే నెట్ ద్వారా నీ కంప్యూటర్‌లోకి వచ్చి వాటిని వాగుకు తోలుతున్నాను.

నీ గుర్రాలు దప్పికతో నిలబడింది నా గుర్రాల వెనక. నువ్వు నన్నే మందు అడిగావు. నేను దుమ్ము దులపమన్నాను. సిగ్గుగా ఉంది.

ఎనిమిదింటినీ మూసేయి. ఒక్కో దాని మీద కుడి మీట నొక్కి ‘ముగించు’ అను. తర్వాత నేనిక తెరవను, మూడో రోజుకు అవి మైదానం పట్టిపోతాయి. నాలుగేళ్ళుగా పెంచాను. పోతే పోనీ. నువ్వు మాటిచ్చింది మనుషులకు.

జిల్దిజ్ కవరు నా కోటు లోపలి జేబులో ఉంది. విప్పలేదు. ఇవ్వనూ లేదు. మూడు రోజులుగా ఇంట్లో కూడా కోటు వేసుకునే తిరుగుతున్నాను.

మీ మిర్లాన్

తా.క. ఇక్కడ ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు. జ్వరమా అని జిల్దిజ్ రెండుసార్లు నుదురు పట్టి చూసింది.

కారా-బులక్,
ఆగస్టు 30

తమ్ముడు మిర్లాన్‌కు,

అల్లా నీ మనసుకు నెమ్మదినివ్వాలి. కోటు విప్పు.

ఇరవై ఐదు పొద్దున నమాజు చదివి, నీ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా ముగించాను. ఒక్కో దానికి బిస్మిల్లా చెప్పాను. ఆరుగురం నది దాటాం. ఎవరూ వెనకబడలేదు. జూరా పెద్దమ్మ ఎర్రగుర్రం అందరికన్నా ముందు ఒడ్డెక్కింది. ఆమె వయసుకు అది తగినదే.

నిన్న ఐదుగురూ కొండ దిగి వచ్చారు. నా గొర్రెలు పదకొండూ తోకలు కొవ్వుతో బరువెక్కి ఊగుతూ వచ్చాయి. నేను వాళ్ళ గుర్రాలు చూపించాను. జూరా పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “నీడలు ఏవి?” అంది. మళ్ళీ పెట్టాను.

నీ గుర్రాలు పోలేదు. ఒక్కరోజే దప్పికతో ఉన్నాయి. ఇరవై ఆరు నుంచి మా ఆరూ రెండు నిమిషాల్లో తాగి తప్పుకుంటున్నాయి, వాటిని మూసి, మిగిలిన సమయంలో నీవి తెరిచి తాగిస్తున్నాను. వరసగా అయితే ఈ పాత యంత్రం కూడా మోస్తుంది.

ఎవరివో అని మాత్రం రాశాను, తెలియదని రాయలేదు. నెలవంక కింద గీత మన నాన్న ముద్ర. ఆ ముద్ర వేసే ఇనుము నా పాక తలుపు వెనక ఇప్పటికీ వేలాడుతోంది. నాన్న గుర్రాల తర్వాత ఆ ముద్ర మళ్ళీ ఎనిమిది మందల మీద చూసి, తెరమీద దాన్ని వేలితో తడుముతూ కూర్చున్నాను. మాష్టారు అత్తగారు నాకు నీళ్ళిచ్చింది. నువ్వే చెప్తావని ఎదురుచూశాను. చెప్పావు.

ఒట్టు సంగతి జిల్దిజ్‌కు నువ్వే చెప్పు. నేను చెప్పను. ఆమె సరేననేదాకా నీ ఎనిమిది మందలూ నా దగ్గర అమానతు.

ఆ ఐదుగురి గుర్రాలు నేను కాచినందుకు వాళ్ళు నా గొర్రెల్ని కాచారు. నీ గుర్రాలకు బదులు నువ్వూ కాయాలి. వచ్చే జూన్‌లో నా పదకొండు గొర్రెల్ని తోలుకుని కొండకు నువ్వు వెళ్ళు. మూడు నెలలు. అక్కడ సిగ్నల్ లేదు.

నీ పెద్దక్క,
బురుల్

తా.క. ఒకటి. జిల్దిజ్ కవరు ఇవ్వు. అందులో ఆల్‌బుఖారా పండ్ల జామ్ కాచే పద్ధతి రాశాను. పండ్ల కాలం దాటిపోతే, ఆమెకు గుర్రాల సంగతికన్నా దాని మీదే ఎక్కువ కోపం వస్తుంది.

తా.క. రెండు. ఇప్పుడు నొక్కగానే గుర్రం తాగేస్తోంది. తస్బీహ్ ఒక్క పూస కూడా తిరగడం లేదు. ప్రార్థనకు వేరే వేళ చూసుకోవలసి వచ్చింది.