ఎడమ డొక్క మీద చెయ్యి

అన్నయ్యా,

ఆవును కొనేవాణ్ణి సోమవారం పంపుతానన్నావు. పంపకు. తప్పు దానిది కాదు, నాది. పాలు పెరుగుతాయన్న ఆశతో గడ్డి తగ్గించి, గంపెడు దాణా ఒక్కసారే పెట్టాను. కూలబడింది.

పశువుల డాక్టరమ్మ మందు పోసి, నా అరచెయ్యి దాని ఎడమ డొక్క మీద పెట్టించింది. లోపల ఉలుకూ పలుకూ లేదు. "దాని పెద్ద పొట్ట ఇక్కడే ఉంది, ఇది కదిలేదాకా ఎండుగడ్డి, నీళ్ళు తప్ప ఇంకేమీ పెట్టకండి" అంది.

మూడు రోజులు చూశాను. ఈ పొద్దున నా చెయ్యి పైకి లేచింది, అన్నయ్యా! లోపలెవరో నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా పొంగి, అణిగింది. కాసేపటికి మళ్ళీ. ఇన్నేళ్ళు పాలు పితికాను, నా చెవి పక్కనే ఇంత లోకం తిరుగుతోందని ఎరగను. ఆవు నెమరేస్తూ, ఇప్పుడా తెలిసింది అన్నట్టు చూసింది.

నువ్వూ వచ్చి ఒకసారి చెయ్యి పెట్టు. అప్పటికీ అమ్మేద్దామంటే పలుపు నేనే విప్పుతాను.

నీ చెల్లెలు