నేను రాయని రెండు వాక్యాలు

జూలై 11
వాన. స్కూలుకి వెళ్ళాను, వచ్చాను. ఇవాళ తెలుగులో ఒక్క మాట కూడా మాట్లాడలేదని అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది. కూరలో ఉప్పు లేదు. "ఉప్పు లేదు" అని పైకే అన్నాను. ఇవాళ్టి తెలుగు అయిపోయింది.

జూలై 12
సరళకి మెయిల్. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "నేను బాగున్నాను" అని కొట్టి చూసుకుంటే ఎవరో గుమాస్తా రాసినట్టుంది. పక్క క్వార్టర్‌లో అన్నేళ్ళు ఉన్న మనిషికి ఇలాగా రాసేది? వాళ్ళాయన ఈ కిరండూల్ ఇనప గనిలో రిటైరై వైజాగ్ వెళ్ళిపోయి రెండేళ్ళు. మొదట్లో రోజూ ఫోను. తర్వాత పండగలకి. ఇప్పుడు ఈ మెయిలు.
తెలుగు అక్షరాలు కావాలి. నెట్‌లో తెలుగువాళ్ళ గుంపు ఒకటుంటే అక్కడ అడిగాను.

జూలై 14
ఎవరో పంపారు! తెలుగు ఫాంట్, ఉచితం — కింద ఒక ఫైలు. తెరవబోతే యాంటీవైరస్ గోల. దానికెప్పుడూ ఏదో ఒక గోలే. దాని నోరు మూయించి తెరిచాను.
ఏమీ రాలేదు. అక్షరం ముక్క లేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ...

జూలై 16, ఆదివారం
కంప్యూటర్ ఈసురోమంటోంది. నేను ముట్టుకోకపోయినా మోడెం మీద దీపం టపటపా కొట్టుకుంటోంది. యాంటీవైరస్ మళ్ళీ పెడదామంటే తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది. మధ్యాహ్నం తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. నా చెయ్యి మౌస్ మీద లేదు.
భయమేసింది. కాని భయం కంటే ముందు ఇంకేదో అనిపించింది, ఇక్కడ దాచుకోవడం ఎందుకు — ఇంట్లో ఎవరో ఉన్నారు అనిపించింది.

జూలై 17
బజారులో కంప్యూటర్ షాపు సాహూకి ఫోన్. అంతా విని, "మేడమ్, పీఛే కా దర్వాజా ఖులా హై" అన్నాడు. రిసీవర్ పక్కన పెట్టి, వెళ్ళి వంటింటి వెనక తలుపు చూసి వచ్చాను. గడియ వేసే ఉంది. "బంద్ హై" అన్నాను. అవతల ఒకటే నవ్వు.
ఇంటి తలుపు కాదట, కంప్యూటర్‌ది. నేను తెరిచింది ఫాంట్ కాదట. లోపలికి దూరి వెనక తలుపు తీసి పెట్టే ప్రోగ్రామట. ఇక పంపినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాడు, నా ఫైళ్ళు చూస్తాడు, నా పేరుతో ఏమైనా చేస్తాడు. "పహలే మోడెం కా తార్ నికాలియే." మోడెం తీగ పీకేశాను.
వెనక తలుపు. అది సరళ తలుపు. ముందు నుంచి ఏనాడూ రాలేదు మనిషి. చేతిలో ఏదో ఒక గిన్నె, "ఏటే, సచ్చావా బతికున్నావా?" అనుకుంటూ. ఇప్పుడా గడియ చెత్త పారెయ్యడానికే తీస్తున్నాను.

జూలై 18
పరువు పోయింది. పూర్తిగా.
పొద్దున్నే ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి, చాలా మెల్లగా — "మేడమ్, తబియత్ తో ఠీక్ హై నా?" ఒంట్లో బాగానే ఉందా అని. తన కంప్యూటర్ నా వైపు తిప్పారు. నా పేరుతో మెయిల్. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. నేను చాలా ఒంటరిగా ఉన్నాను. ఇది తెరిచి చూడు. కింద ఫైలు.
నా దగ్గర ఎవరెవరి చిరునామాలున్నాయో అందరికీ వెళ్ళింది. ప్రిన్సిపాల్‌కి, బీమా ఆయనకి, గ్యాస్ ఏజెన్సీకి కూడా. గ్యాస్ ఏజెన్సీకి నా ఒంటరితనం ఎందుకు! స్టాఫ్‌రూమ్‌లో కెమిస్ట్రీ ఆయన కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు. నేను రాయలేదు, వైరస్ రాసింది, ఫైలు తెరవకండి అని కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకుంటూ తిరిగాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 19
సెలవు పెట్టాను. సాహూ వచ్చాడు, కొత్త యాంటీవైరస్ సీడీతో. తీగ పీకే ఉంచాలి. కంప్యూటర్‌ని పాత స్థితికి తెచ్చే ఏర్పాటు ఒకటుంటుంది, ముందు దాన్ని ఆపాలి — దొంగ అందులో కూడా ఒక నకలు దాచుకుంటాడట. తర్వాత సేఫ్ మోడ్‌లో తెరవాలి. అప్పుడు అత్యవసరమైనవే లేస్తాయి, వాడు చాలామటుకు లేవడు. నిద్రలో ఉండగానే సీడీతో వెతికి తీసెయ్యాలి. కంప్యూటర్ లేచినప్పుడల్లా వాణ్ణి లేపే మాట ఒకటి రాసిపెట్టుకుని ఉంటాడు, అదీ చెరపాలి. మళ్ళీ మామూలుగా తెరిచి మళ్ళీ వెతకాలి. అప్పటికీ మొలిస్తే అవసరమైనవి దాచుకుని మొత్తం తుడిచెయ్యడమే.
మొలవలేదు.
టీ రెండుసార్లు తాగాడు. మనిషి ఉన్నంతసేపూ ఇల్లు బాగుంది. వెళ్తూ వెళ్తూ రెండు పనులు అప్పజెప్పాడు: పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చుకోవాలి, మెయిల్ వెళ్ళిన ప్రతి ఒక్కరికీ చెప్పాలి. "ఏక్ భీ మత్ ఛోడియే, మేడమ్." ఒక్కరినీ వదలొద్దట.

జూలై 20
స్కూలు ల్యాబ్‌లో పాస్‌వర్డ్ మార్చాను. మెయిల్ తెరిస్తే సరళ జవాబు. ఎప్పుడూ ఒక లైను రాసే మనిషి —
"ముందే సెప్పకూడదేటే? రెండేళ్ళ నుంచీ బాగున్నాను బాగున్నాను అనే అంటన్నావు. నేనూ నమ్మీసినాను. వచ్చే లక్ష్మివారం బండికి వస్తన్నాను. నువ్వేటీ సెయ్యకు, వండకు, కూకో."
ల్యాబ్‌లో పిల్లలు. మొహం తెర వెనక దాచుకున్నాను.

జూలై 21
అందరికీ రాశాను. గ్యాస్ ఏజెన్సీకి కూడా.
సరళ పేరు దగ్గర ఆగిపోయాను.

జూలై 22
చెబితే రాదు. అంతే సంగతి. "ఓస్ అదా!" అని నవ్వి, మానేస్తుంది.
వచ్చాక చెబుతాను.

జూలై 24
సరళ పడుకోడానికి పక్క గది తుడిచాను. ఎర్ర దుమ్ము గుప్పెళ్ళతో వచ్చింది. పక్క దుప్పటి ఉతికితే ఆరదు, ఈ వానలో... పొయ్యి దగ్గర ఆరేశాను. పాట వచ్చింది నోటికి. నాకు!
బజారులో సాహూ ఎదురుపడి, "సబ్ కో బతా దియా?" అన్నాడు, అందరికీ చెప్పేశానా అని.
"హా."
మంచిదన్నాడు. ఒక్కరు తెరిచినా అక్కడి నుంచి మళ్ళీ అదే కథట.

జూలై 25
సరళకి ఇంట్లో కంప్యూటర్ లేదు. మెయిల్ చూసుకునేది కూతురు లత నడిపే నెట్ సెంటర్‌లో. ఆ పిల్ల బతుకు ఆ మెషీన్ల మీదే.
ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నాను, అదీ నా దగ్గరే.

జూలై 26
ఫోన్ ఎత్తాను. పెట్టేశాను. ఎలాంటి మనిషిని అయిపోతున్నాను.

జూలై 27, లక్ష్మివారం
పొద్దున్నే చేశాను. లత ఎత్తింది.
"అమ్మ బండెక్కేసింది పిన్నీ. నీ మెయిల్ చదివి ఒకటే ఏడుపు. నాన్న వద్దంటే ఆయన మీద పడింది."
"ఆ కింద ఫైలు... తెరిచిందా?"
"తెరిచింది. ఏమీ రాలేదు. అప్పటి నుంచి మెషీన్లన్నీ నత్తనడకే, వచ్చినవాళ్ళు తిట్టి పోతున్నారు. ఏం పిన్నీ?"
చెప్పాను. తీగ పీకెయ్యమని, సేఫ్ మోడ్, సీడీ, అన్నీ. ఎవరెవరికి మెయిళ్ళు వెళ్ళాయో చూసి చెప్పమని. వారం ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అని. రాసుకుంటున్నట్టుంది. తర్వాత —
"అంటే... ఆ మెయిల్ నువ్వు రాయలేదా?"
"లేదమ్మా."
"అమ్మ అది నమ్మే వచ్చేస్తోందే! మొబైల్ ఉంది తన దగ్గర. చెప్పనా?"
వద్దు అనడానికి నోరు తెరిచాను.
"చెప్పు" అన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం
లత మళ్ళీ చేసింది. సొరంగాల్లో సిగ్నల్ లేక ఎన్నోసార్లు ప్రయత్నించిందట. అరకు దగ్గర దొరికింది. అంతా చెప్పిందట.
"ఏమంది?"
"'అలాగా' అంది పిన్నీ. లైను పోయింది. మళ్ళీ దొరకట్లేదు."
అలాగా. ఎలా అంది? కోపంగానా, నవ్వుతూనా? లతని అడిగాను. తెలీదు పిన్నీ, అలాగా అంది, అంతే. దారి మధ్యలో కోరాపుట్‌లో దిగిపోతే సరళకి తిరుగు బండి దొరుకుతుంది. అక్కడ వాళ్ళ మరిది ఉన్నాడు కూడా.

అదే రోజు, సాయంత్రం
స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఈ వారం నక్సలైట్ల బంద్ లేదు కాబట్టి బండి దంతెవాడలోనే ఆగిపోదట, కిరండూల్ దాకా వస్తుందట. ఆలస్యం మాత్రం మామూలే.
దిగకపోతే ఏం చెయ్యాలో తెలుసు. ఇంటికొచ్చి, బాగున్నాను అని మెయిల్ రాయాలి. అది అలవాటే.
దిగితేనే భయం. నేను రాయలేదని తెలిసి కూడా దిగితే, ఆ రెండు వాక్యాల్లో మొదటిది నిజమేనని నోటితో చెప్పాలి. ఎలా మొదలుపెడతారు ఆ మాట?
వాన తగ్గేలా లేదు. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన ఒరియా ఆవిడని ఇంకో గొడుగు అడిగి తెచ్చాను. రెండూ పట్టుకెళ్తున్నాను.