అక్క చేసిన తప్పేమిటి?

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, ఉప్పలగుప్తం అవతల సముద్రం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసుకొను సంగాని అబ్బులు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రెండవ తరగతి కథల పుస్తకంలోని ఏడవ పాఠం చిన్నపిల్లల వయసుకు తగినది కానందున తొలగించుట గురించి, మరియు నా కుమార్తె సత్యశ్రీ, వయసు ఏడు సంవత్సరములు, తప్పు ఏమియు చేయలేదని కాగితం ఇప్పించుట గురించి.

1. సదరు పుస్తకం మన ప్రాంతపు కథలతో కొందరు ఉపాధ్యాయులు కలిసి వేయించినది. మా ఊరి బడిలో రోజూ ఒక గంట చదివిస్తున్నారు. ఏడవ పాఠం పేరు ‘చెరువు గట్టున చిట్టి’. చిట్టి అనే మూడేళ్ళ పిల్లవాడు రొయ్యల చెరువులో పడి చనిపోతాడు. దానికి బొమ్మ కూడా వేసినారు. నీళ్ళ మీద చొక్కా ఉబ్బి తేలుతూ ఉంటుంది. రెండో తరగతి వాళ్ళకి ఆ బొమ్మ ఎందుకండీ?

2. ఆ చిట్టి నా కుమారుడు నాగసతీష్. చనిపోయి రెండు సంవత్సరములైనది. పేరు మార్చినారు గాని చెరువు అదే, గట్టు మీద మా షెడ్డు అదే, అక్క అదే. ఊళ్ళో తెలియనివారు లేరు. బడిలో పిల్లలు నా కుమార్తెను ‘చిట్టి అక్కా’ అని పిలుచుచున్నారు. వాళ్ళననడానికి లేదు, పుస్తకంలో అలాగే ఉన్నది.

3. పాఠం చివర ప్రశ్నలు కలవు. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నాలుగవది: ‘చిట్టి అక్క చేసిన తప్పేమిటి?’ నా కుమార్తె ఆ గీత ఖాళీగా వదిలినది. టీచరమ్మ ప్రశాంతి గారు ఈ జూన్‌లోనే బదిలీ మీద వచ్చినారు, మా సంగతి ఆమెకు తెలియదు. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, సరైన జవాబు పదిసార్లు రాసుకుని రమ్మన్నారు. రాసినది. ‘అక్క తమ్ముణ్ణి ఒంటరిగా వదిలి బిస్కెట్ల కోసం లోపలికి వెళ్ళింది. అది తప్పు.’ పదిసార్లు, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. కింద ‘గుడ్’ అని ఉన్నది. నకలు జతపరచడమైనది. ఆ నోటుబుక్కు పట్టుకుని జిరాక్సు షాపులో ఎలా నిలబడ్డానో నాకే తెలుసు.

4. మా ఇంట్లో ఇంతవరకు ఆ బిస్కెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. అప్పటికి దానికి ఐదేళ్ళు. తమ్ముడు జారి పడ్డాడని మాత్రమే దానికి తెలుసు, మిగతాది పుస్తకం చెప్పింది. ఇప్పుడు సరిగా తినదు, నిద్రపోదు. నా భార్య కనకదుర్గ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “నీ తప్పేం లేదమ్మా, నా తల్లివి కదూ” అని బుజ్జగించింది.

“పుస్తకంలో ఉంది కదమ్మా. టీచరుగారు గుడ్ కూడా పెట్టేరు.”

“పుస్తకాల్లో వంద రాత్తారే.”

“నేను లోపలికెళ్ళకపోతే తమ్ముడుండేవాడా అమ్మా?”

నా భార్య లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. పిల్ల దాన్ని ఔననే అనుకుంది.

5. సదరు పాఠం వాస్తవమునకు విరుద్ధమైనది. ఎట్లనగా... ఇక్కడికి వచ్చేసరికి మూడు కాగితాలు చించేశాను. కథ రాసుకున్నది వరప్రసాదం మాస్టారు. ఇప్పుడు రిటైరయ్యారు, మంచివారు. ఆయన మా షెడ్డుకు వచ్చి, “ఇది చదివి నలుగురు పిల్లలు జాగ్రత్తపడతారు అబ్బులూ, చెప్పవయ్యా” అన్నారు. “ఆయ్, రాసుకోండి మాస్టారూ” అన్నాను. వాళ్ళమ్మ నీళ్ళకు వెళ్ళిందని చెప్పాను. పిల్ల బిస్కెట్ల కోసం వచ్చిందని చెప్పాను. వల సంగతి మాత్రం చెప్పలేదు. కుక్కలూ పీతలూ రాకుండా చెరువు చుట్టూ నడుమెత్తు వల ఉంటుంది. ఆ పొద్దున మేత బస్తాలు దించుకోవడానికి దాన్ని విప్పింది నేను. షెడ్డులో చద్దన్నం తిని కడదామనుకున్నాను. పిల్ల లోపలికి వచ్చినప్పుడు వాడెక్కడని కూడా అడగలేదు. వల గాలికి ఊడిపోయిందనే కనకదుర్గ ఈ రోజుకీ అనుకుంటోంది. ఐదేళ్ళ పిల్లని ముందుకు తోసి నేను తప్పుకున్నానయ్యా. నాలాంటి తండ్రి ఏ పిల్లకీ వద్దు.

కావున తమరు దయతలచి ఆ పాఠం తీయించవలసినదిగా ప్రార్థన. తీయడం కుదరదంటే వల విప్పినవాడి సంగతి కలిపి, నాలుగవ ప్రశ్న మార్చవలసినది. నా పేరు ఇంటిపేరుతో సహా అచ్చు వేసుకోవచ్చు, అభ్యంతరం లేదు. టీచరమ్మ మీద గాని మాస్టారి మీద గాని ఏ చర్యా వద్దు.

నా తప్పు నా మీదనే ఉంచి, మిగిలినది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సంగాని అబ్బులు

మనవి: నువ్వే పిల్లకి చెప్పుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. నిన్న గట్టు మీదకు తీసుకెళ్ళి చెప్పాను బాబూ. “నేనేడుత్తన్నానని అలా చెప్తన్నావు నాన్నా” అని నా కళ్ళు తుడిచింది. అందుకని కాగితం నా పేర కాకుండా, కుమారి సంగాని సత్యశ్రీ, రెండవ తరగతి అని రాసి పంపండి. ‘సదరు’, ‘తదుపరి’ లాంటివి వద్దు, దానికి తెలియవు. ‘తప్పు నీది కాదు. వల విప్పింది మీ నాన్న.’ అని పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టి ఆఫీసు ముద్ర వేయండి. ఎర్ర ఇంకు కంటే ఆకుపచ్చ ఇంకు పెద్దదని దానికి చెప్పి ఉంచాను. మా పిల్ల ఏ కాగితమైనా పైకే చదువుతుంది. కనకదుర్గ కూడా వింటుంది. విననీయండి.